చీకటి పక్షానికి బాలింత వంట

వెలుగు, ఎనిమిదో రోజు

పెసరపప్పు బీరకాయ అయింది. మిరియాల చారు అయింది. మునగాకు పప్పు ఉడుకుతోంది. పొట్లకాయ తరిగిపెట్టాను గానీ, బాలింతకి పొట్లకాయ మంచిదా కాదా అన్న దగ్గర ఆగిపోయాను. మా అమ్మ పెట్టేది. అత్తయ్య పెట్టకూడదంటుంది. ఇద్దరూ పురుళ్లు పోసినవాళ్లే. ఫిజిక్స్ చదివినదాన్ని, నాకేం తెలుసు.

ఎండ ఇంకా ఆరు రోజులే. నీడపేటలో పిల్లలకి మాటలు రాగానే నేర్పే సామెత ఒకటుంది: ఎండ ఉంటే కరెంటు ఇంటిది, ఎండ పోతే గాలిది. సూర్యుడు గట్టు దిగాడంటే పద్నాలుగు రోజులు మళ్లీ కనపడడు. అన్నాళ్లూ దాచిన కరెంటంతా గాలి యంత్రానికీ, ఆస్పత్రికీ, తోటగది దీపాలకీ పోతుంది. ఇళ్లలో పొయ్యిలకి తాళం పడుతుంది. కాబట్టి వెలుగు పక్షంలో వండి, డబ్బాలకెత్తి, చలిగూట్లో గడ్డకట్టించి, చీకటి పక్షంలో ఒక్కో డబ్బాని గోరువెచ్చగా చేసేపాటి చిన్న వేడిపెట్టెలో వంతులవారీగా వెచ్చబెట్టుకుని తింటాం. చందమామ మీద కాపురమంటే భూమ్మీద వాళ్లు ఏవేవో ఊహించుకుంటారు. మా కాపురమంతా డబ్బాల్లో ఉంది.

అసలు మేం నలుగురం ఒక్కసారి కూర్చుని తిని ఎన్నాళ్లయిందో. మా ఆయన వీరేశం గాలి యంత్రం దగ్గర షిఫ్టు మనిషి. అత్తయ్య తులశమ్మ తోటగదిలో తీగలు పాకిస్తుంది. మా అమ్మాయి ఇందుజకి పొద్దున క్లాసులు, నాకు సాయంత్రం క్లాసులు. ఎవరి డబ్బా వాళ్లది. అత్తయ్యకి ఇదే గిట్టదు.

"డబ్బాకి మారు ఎక్కడుందమ్మాయ్?" అంటుంది ప్రతి పక్షమూ. ఒక్కసారే వడ్డించి ఊరుకోకూడదని ఆవిడ పట్టింపు. కడుపు నిండినా సరే, రెండోసారి గరిటె కంచానికి తగలాలి, నాలుగు మెతుకులైనా పడాలి. ఆ మారు వడ్డన లేని తిండి ఆవిడ లెక్కలో తిండి కాదు. డబ్బాలో ఒక మనిషికి ఒక పూటకి సరిపడా ఉంటుంది, అంతే. మారు వడ్డించే మనిషీ ఉండదు, గరిటే ఉండదు.

ఈసారి డబ్బాలు వేరే. నా మరదలు కుందన, అంటే ఆయన చెల్లెలు, నెలలు నిండి మా ఇంట్లో ఉంది. వాళ్లాయన దూరంగా మంచుగనిలో ఉన్నాడు. ఈ వెలుగంతా అక్కడ పని వదలదు, చీకట్లో బండ్లు తిరగవు గనక మళ్లీ పొద్దు పొడిచేదాకా రాలేడు. సరుకుల గదిలో గొట్టాల్లో నింపి ఇచ్చే గుజ్జు వాసనకే కుందనకి కడుపులో తిప్పుతుంది. ఈ తొమ్మిది నెలలూ నా వంట తప్ప ఏదీ నిలవలేదు. అదీ పిచ్చుక తిన్నంత. ఆస్పత్రిలో డాక్టర్ సబీహా మొన్న తూచి చూసి, ఆ చూపు నా మీదికి తిప్పారు.

"చూడండి టీచర్ గారూ, ఆస్పత్రిలో చీకటి పక్షంలో గుజ్జు తప్ప ఏమీ ఉండదు. ఈ పిల్ల అది తినదు. తినకపోతే పాలు పడవు. ఇంట్లో తను తినే తిండి పక్షానికి సరిపడా ఉందంటే కాన్పయిన మర్నాడే పంపించేస్తా. లేదంటే పక్షమంతా ఇక్కడే ఉండాలి, ముక్కులో గొట్టం వేసి పట్టించాలి."

కుందన ఇంటికొచ్చాక వంటింటి గుమ్మంలో కూలబడి, "నన్నక్కడ వదిలెయ్యమాక వదినా," అంది.

"వదిలేస్తానా ఎక్కడన్నా? నీకోసం ఎన్ని చేస్తున్నానో చూడు."

"నువ్వు చేస్తావు. మళ్లీ బాగుందో లేదోనని నువ్వే సగం తినేస్తావు."

ఏడుస్తూ కూడా వెక్కిరించడం ఈ పిల్లకే చెల్లు.

పొట్లకాయ చివరికి ఇంట్లో మిగతావాళ్లకి వండాను.

వెలుగు, పదో రోజు

అత్తయ్యకి డబ్బాల మీద ఇంకో అభ్యంతరం. బాలింతకి పొయ్యి మీంచి దించింది దించినట్టు పెట్టాలి గానీ, గడ్డకట్టిన చద్ది పెడతారా అని.

"ఏం చెయ్యమంటారు అత్తయ్యా? పొయ్యికి తాళం వేసేదీ నేను కాదు, సూర్యుడిని దింపేదీ నేను కాదు."

"నిన్నన్నానా? కాలాన్నంటన్నా."

అంటూనే వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుంది. శొంఠి ఆవిడే దంచింది. వాము వేయించింది. మిరియాలు నేను వేసినదానికి రెట్టింపు వేసింది, నేను చూడలేదనుకుని.

వండటం సులువే. చలిగూట్లో పెట్టడమే పని. వంటింటి గోడలో, పాతకాలపు ఇళ్లలో దీపం గూడు ఉండేంత ఎత్తులో, ఉంటుంది మా చలిగూడు. లోపలి తలుపు వంటింట్లోకి, బయటి తలుపు ఆకాశంలోకి. డబ్బాలు సర్ది, లోపలి తలుపు బిగించి, బయటిది తెరిస్తే గాలంతా ఊడ్చుకుపోతుంది. ఎండ ఎప్పుడూ తగలని వైపు గోడ కాబట్టి లోపలున్నవన్నీ రాయి అవుతాయి. తలుపు తీసిన ప్రతిసారీ గూటికి పట్టినంత గాలి నష్టం. అందుకని రోజుకి ఒకేసారి తియ్యాలి. గాలి యంత్రం మనిషి పెళ్లానికి ఇది వేరే చెప్పక్కర్లేదు, ఆయన చెబుతూనే ఉంటారు.

డబ్బా మూతకి నాలుగు మూలలా నాలుగు క్లిప్పులు. చల్లారాక నాలుగూ నొక్కేశాను. గూట్లో సర్దాను. తలుపు వెయ్యబోయి ఆగాను.

పోయిన పక్షం ముక్కల పులుసు డబ్బా ఒకటి లోపల పేలింది. లోపల చిక్కుకున్న గాలి పొంగి మూతని ఎగరగొట్టింది. చలిగూడంతా ఎర్రటి పులుసు గడ్డలు, పక్షమంతా గీకుతూనే ఉన్నాం. ఇప్పుడు బాలింత డబ్బాలు అలా పేలితే?

"మూత అంతలా బిగించమాకమ్మాయ్, చెమట పట్టుద్ది," అంది అత్తయ్య వెనకనుంచి. "అన్నం గిన్నె మీద మూత ఎప్పుడన్నా పూర్తిగా వేస్తామా? కాస్త ఓరగా ఉండాలి. దానికీ ఊపిరాడాలి కదా."

చెమటకీ, బయటి శూన్యానికీ సంబంధం లేదని చెప్పబోయి ఊరుకున్నాను. ఆవిడ కారణం తప్పయినా నా భయానికి అది సరిపోయింది. డబ్బాలన్నీ మళ్లీ బయటికి తీసి, ప్రతి మూతకీ ఒక మూల క్లిప్పు వదిలేశాను. చేసింది మంచో చెడో తెలియదు. చేశాక మనసు కాస్త నిమ్మళించింది, నా విషయంలో అదే ఎక్కువ.

వెలుగు, పదమూడో రోజు

ఏదో తేడాగా ఉంది.

కొత్త డబ్బాలకి చోటు చెయ్యడానికి పాతవి వెనక్కి జరుపుతుంటే ఒకటి చేతిలోకి మరీ తేలిగ్గా వచ్చింది. ఇక్కడ బరువు మీద అనుమానపడటం కష్టం. నిండు బిందె కూడా చెంబులా లేస్తుంది. అయినా ఇరవై ఏళ్లుగా ఈ నేల మీదే ఎత్తీ దించీ ఉన్నాను, నా చెయ్యికి ఇక్కడి తేలికా తెలుసు, తేలికలో తేలికా తెలుసు.

కదిలిస్తే గలగలమనలేదు. పక్కన నిలువుగా ఉన్న గాజు చారలోంచి చూస్తే పప్పు నిండుగానే కనపడింది.

ఇంట్లో ఇలాంటివి జరిగితే ముందు అనుమానం ఒకరి మీదికే పోతుంది.

"మీరేమన్నా బాలింత డబ్బాల్లోంచి తీసుకుని తిన్నారా?"

ఆయన షిఫ్టు నుంచి వచ్చి అప్పుడే బూట్లు విప్పుతున్నారు. "తిన్నానని ఎట్టా తెలిసింది?"

"డబ్బా తేలిగ్గా ఉంది."

"మరి ఖాళీగా ఉందా?"

"లేదు. నిండుగానే ఉంది."

ఆయన బూటు చేతిలో పట్టుకుని నా వైపు తిరిగారు. "అంటే నేను బరువు తినేసి ఆకారం వదిలేశానంటావా సుభా?"

ఇందుజ పుస్తకం వెనక నవ్వడం వినపడింది. కుందన మంచం మీంచి, "మా అన్నయ్య సంగతి తెలవదు వదినా, ఎట్టాగైనా తింటాడు," అంది.

మూత తీసి చూడొచ్చు. కానీ తీసిన డబ్బా అప్పుడే తినేయాలి, మళ్లీ లోపల పెట్టకూడదు. ఒక పూట తిండి అనుమానానికి ఖర్చు పెట్టాలా? నా చెయ్యే తప్పు చెబుతోందేమో. రోజంతా గరిటె తిప్పి తిప్పి మణికట్టు మొద్దుబారింది కదా. పైగా మా ఇంట్లో అందరూ అనేదీ అదే, సుభాషిణి తనని తాను తూచుకుని కూడా త్రాసుని అనుమానిస్తుందని.

తీయలేదు. వెనక్కి పెట్టేశాను. ఇవాళ చేసిన వాటికీ మూల వదిలాను.

చీకటి, మొదటి రోజు

సూర్యుడు దిగాడు. పొయ్యికి తాళం పడింది. పడిన పూటే కుందనకి నొప్పులు.

ఆయనా ఇందుజా ఆస్పత్రికి తీసుకెళ్లారు. నేనూ అత్తయ్యా ఇంట్లో ఉండి, పొద్దున్నుంచి ఏమీ తినని ఆ పిల్లకి ముందుగా ఒక పూట పంపుదామని చలిగూడు తెరిచాం. పెసరపప్పు బీరకాయ డబ్బా తీశాను. మూడు క్లిప్పులు విప్పాను.

లోపల ఉన్నది పప్పు కాదు.

రంగు పప్పుదే. ఆకారం పప్పుదే. బీరకాయ ముక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ మంచు లేదు, తడి లేదు. వేలితో నొక్కితే రంపపు పొట్టులా పొడి అయిపోయింది. చారు డబ్బాలో అడుగున ఎర్రటి నురగ ఎండినట్టు ఒక అట్ట. అన్నం తెల్లటి బెండు ముక్క. ఒకదాని తర్వాత ఒకటి తీశాను. అన్నీ అంతే. తలుపు రోజుకి ఒకేసారి తియ్యాలన్న మాటే మరిచిపోయాను.

నేల మీద కూర్చుండిపోయాను. ఏం జరిగిందో అర్థం కావడానికి అట్టే సేపు పట్టలేదు, అదే ఎక్కువ బాధ. మంచు కరగకుండానే ఆవిరయ్యే పాఠం ప్రతి ఏడూ పిల్లలకి నేనే చెబుతాను. గాలి లేని చోట ఇంకా సులువుగా అవుతుంది. కొంచెం వెచ్చదనం తగిలితే చాలు. ఆ వెచ్చదనం నేనే ఇచ్చాను, గోడకి ఇటుపక్క వారంపాటు పొయ్యి ఆర్పకుండా. దారి కూడా నేనే ఇచ్చాను, ప్రతి డబ్బాకీ ఒక మూల. ఇన్ని బీరకాయల తడి, ఇన్ని చార్ల తడి, గోడ దాటి చుక్కల్లో కలిసిపోయింది.

"మూత ఓరగా ఉంచమని నేనే అన్నా," అంది అత్తయ్య మెల్లగా.

"మీరు చెమట పడుతుందని అన్నారు. నేను పేలుతుందని వదిలాను."

"ఎవరు అంటే ఏవుందిలే. పొయ్యి తెరిపించలేమా?"

"సూర్యుడే తెరవాలి అత్తయ్యా."

సరుకులూ లేవు. పక్షానికి ఇచ్చే పెసలన్నీ అందులోకే పోయాయి. పక్కిళ్లలో అడిగితే ఇస్తారు, కాదనరు. కానీ వాళ్ల డబ్బాల్లో ఉన్నవి వంకాయలూ, గోంగూరా, చింతపండు పులుసులూ. పచ్చి బాలింతకి అవి పెట్టనివ్వరు, ఆ పిల్ల కడుపు ఓర్చదు కూడా.

డాక్టర్ మాటే చెవిలో ఉంది. ఇంట్లో తను తినే తిండి ఉంటే.

అత్తయ్య బీరకాయ ముక్క ఒకటి తీసి నోట్లో వేసుకుంది. నేను వద్దనేలోపే నమిలేసింది. కాసేపు అటు దవడకీ ఇటు దవడకీ తిప్పింది.

"ఇదేందమ్మాయ్, ఒరుగుల్లా ఉంది," అంది. "మా అమ్మ వంకాయలూ, దోసకాయలూ ఎండబెట్టి వానాకాలానికి దాచేది. నానేసి వండుకునేవాళ్లం. ఇది వండాక ఎండింది. అంతేగా తేడా?"

అంతేనా? నాకు తెలియదు. ఇది రాస్తున్నప్పుడు కూడా తెలియదు.

చీకటి, రెండో రోజు

పాప పుట్టింది. తెల్లవారు షిఫ్టు గంట మోగే వేళకి. తల్లీ బిడ్డా క్షేమం. పాప ఏడుపు గాలి యంత్రం దాకా వినపడిందని ఆయన అందరికీ చెబుతున్నారు. ఆయన అప్పుడు ఆస్పత్రి బల్ల మీదే కూర్చుని ఉన్నారు.

కుందన మాత్రం గుజ్జు రెండు పూటలు వెనక్కి తిప్పేసింది. రేపు మధ్యాహ్నం దాకా చూస్తాను, తర్వాత గొట్టమే అన్నారు డాక్టర్.

అందుకని ఇవాళంతా నీళ్లతోనే గడిచింది.

చీకటి పక్షంలో కూడా నీడపేటలో తరగని వేడినీళ్లు ఒక్కచోటే ఉంటాయి. గాలి యంత్రాన్ని చల్లబరిచి వచ్చే గొట్టం. దాని కొళాయి కింద చెయ్యి పెడితే బొబ్బలే. మంచినీళ్లే అయినా ఎవరూ వాడరు, ఆ వేడి గోడలకి పోతుంది. ఆయన ఫ్లాస్కులో పట్టుకొచ్చారు.

"ఎంత పొయ్యను?"

"ఎంత పోయిందో అంత," అంది అత్తయ్య.

ఎంత పోయిందో ఎవరికి తెలుసు? మొదటి డబ్బా గంజి అయింది. ఆయన తాగేశారు. రెండో డబ్బాలో అన్నం పైన మెత్తగా, లోపల బెండులా, కొరికితే కరకరమంది. అదీ ఆయనే తిన్నారు. "బరువు కూడా కలిపి తింటన్నా ఈసారి, చూసుకో," అన్నారు నమలలేక నమలుతూ.

మూడోసారి అత్తయ్య డబ్బా నా చేతిలోంచి తీసుకుంది. వేడినీళ్లు మునిగీ మునగకుండా పోసి, మూత నాలుగు మూలలా బిగించి, తన శాలువాలో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. ఇడ్లీ పిండి పులవడానికి కప్పినట్టు, కదలకుండా కూర్చుంది. ఇందుజ తన క్లాసు పాఠం నాన్నమ్మకి వినిపించింది. పాఠం అయ్యాక ఆవిడ మూత తీసింది.

ఇక్కడ నేను జాగ్రత్తగా రాయాలి, నాకు ఎక్కువ చేసి చెప్పే అలవాటు లేదు.

వాసన వచ్చింది.

పోపు వాసన. జీలకర్ర, వెల్లుల్లి, ఇంగువ. గడ్డకట్టించి వెచ్చబెట్టిన డబ్బాలకి ఇన్నేళ్లలో ఎప్పుడూ రాని వాసన. అవి కరిగేసరికి పోపు చప్పబడి, నీళ్లోడి, అన్నింటికీ ఒకటే వాసన ఉంటుంది. ఇది అప్పుడే గిన్నె దించి పోపు వేసిన వాసన. ఇందుజ పాఠం పుస్తకం మూసేసింది. పక్కింటి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. చీకటి పక్షంలో ఎవరు వంట చేస్తున్నారు, పొయ్యి తాళం ఎవరు తీశారు అని వసారాలోంచి ఎవరో అడగటం వినపడింది.

అత్తయ్య గరిటెతో తీసి నా అరచేతిలో పెట్టింది. వేడిగా ఉంది. బీరకాయ ముక్క మెత్తగా, పప్పు పప్పులా ఉంది. కొంచెం గరుకు. నాకు నచ్చింది. నచ్చినందుకే అనుమానం వచ్చింది.

"ఇది మంచిదేనంటారా? తడి పోయినప్పుడు దానితో ఇంకేమన్నా పోయిందేమో. బాలింతకి పెట్టొచ్చో లేదో."

"వాడు పొద్దున్నుంచి రెండు డబ్బాలు తిన్నాడు. బతికే ఉన్నాడుగా."

ఆయన మంచం మీద పడుకుని చెయ్యెత్తి చూపించారు.

భూమ్మీద కాఫీ పొడి ఇలాగే చేసేవారని ఎక్కడో చదివాను. కాఫీ తాగి ఎవరూ పోలేదు కదా అనుకున్నాను. బాలింతలు తాగేవారా అని వెంటనే ఇంకో ప్రశ్న. ఈ ప్రశ్నలు నాతోనే పుట్టాయి, నాతోనే పోతాయి. రేపటికని ఎండిన డబ్బాలు రెండు సంచిలో పెట్టుకున్నాను.

చీకటి, మూడో రోజు

ఆయనా నేనూ అత్తయ్యా ఆస్పత్రికి వెళ్లాం. డాక్టర్ సబీహాకి అంతా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మూల వదలడం, ఎండిపోవడం, నీళ్లు. ఆవిడ ఎండిన డబ్బా ఒకటి చేతిలో పట్టుకుని ఎగరేసి చూశారు.

"పక్షానికి సరిపడా తిండి అంటే మాకు తూకంలో ఉంటుంది టీచర్ గారూ. ఇది తూగదే."

"నీళ్లు పోసి తూచండి డాక్టర్ గారూ," అన్నారు మా ఆయన. "ఎట్టాగూ పోసేదే."

ఆవిడకి నవ్వొచ్చింది, ఆపుకున్నారు. "తూకం సంగతి తర్వాత. నాకు ఆ పిల్ల తినాలి. తిన్నది నిలవాలి. నా ఎదురుగా."

కుందన గోడవైపు తిరిగి పడుకుంది. పక్కన పాప, ముడుచుకున్న గుప్పిట్లో తల్లి కొంగు. బల్ల మీద గుజ్జు గొట్టం మూత తీసి ఉంది. దాని పక్కనే ఇంకో సన్నటి గొట్టం, నర్సు తెచ్చిపెట్టింది, అది చూడకుండా ఉండటానికే ఆ పిల్ల గోడవైపు తిరిగింది.

వచ్చేముందు వేడినీళ్లు పోసి తెచ్చిన డబ్బా మూత తీశాను. వాసన నాకంటే ముందు వెళ్లింది. కుందన భుజం కదిలింది.

"వదినా?"

"ఆ."

"పొయ్యి తాళం పగలగొట్టావా?"

"లేవమ్మా. లేచి కూర్చో."

అన్నంలో పప్పు కలిపాను. చేత్తో తినే ఓపిక కూడా ఆ పిల్లకి లేదు. మొదటి ముద్ద నేనే పెట్టాను. నమిలింది. మింగింది. డాక్టర్ గోడకి ఆనుకుని చేతులు కట్టుకున్నారు. రెండో ముద్ద. నర్సు బేసిను పట్టుకుని ఒక అడుగు ముందుకేసింది, అలవాటు. కుందన ఆ బేసిను వైపు చూసి, నా చేతి వైపు చూసి, నోరు తెరిచింది. మూడో ముద్ద. తర్వాత లెక్కపెట్టలేదు.

డబ్బా ఖాళీ అయింది. కుందన కళ్లు మూసుకుని వెనక్కి వాలింది. పొట్ట మీద చెయ్యి వేసుకుంది. ఇలా వాలిన తర్వాతే ఎప్పుడూ బయటికొచ్చేది. డాక్టర్ గడియారం చూస్తున్నారు. పాప నిద్రలో మూతి విరిచి, మళ్లీ సర్దుకుంది.

ఎంతసేపటికీ ఏమీ కాలేదు.

అప్పుడు కుందన కళ్లు తెరవకుండానే అంది: "వదినా, మారు లేదా?"

తొమ్మిది నెలల్లో ఆ పిల్ల నోట ఆ మాట వినలేదు. ఖాళీ డబ్బా వైపు చూశాను. మారు లేదు. డబ్బాకి మారు ఉండదు. ఇంటికెళ్లి నీళ్లు పట్టి, నానబెట్టి, తెచ్చేసరికి ఆ ఆకలి ఉంటుందా?

అత్తయ్య కుర్చీలోంచి లేచింది. పొద్దున్నుంచి శాలువా బిగించుకుని ఉంటే చలేమో అనుకున్నాను. శాలువా విప్పింది. లోపల ఇంకో డబ్బా, వెచ్చగా. ఇంకో గరిటె.

"ఒంటి వడ్డన పెట్టి పిల్లని లేవనిస్తానా?" అంది, ఎవరితోనూ కాకుండా.

వడ్డించింది. నాలుగు మెతుకులు కాదు, నిండుగా. కుందన ఈసారి తన చేత్తోనే కలుపుకుంది.

డాక్టర్ సబీహా బల్ల మీది సన్నటి గొట్టం తీసి నర్సుకి ఇచ్చేశారు. గుమ్మం దాకా వెళ్లి ఆగి, "చారు కూడా ఉందా?" అని అడిగారు.

"ఉంది. మిరియాలు మా అత్తయ్య వేశారు, కాస్త ఘాటు."

"పేషెంటుకి కాదు, నాకు," అన్నారు.

చీకటి, ఎనిమిదో రోజు

కుందన ఇంటికొచ్చి నాలుగు రోజులు. భూమి ఇవాళ నిండుగా ఉంది. నీలంగా, కిటికీ నిండా దాని వెలుగు. పాపకి చూపించాం. పాప భూమిని చూడలేదు, ఆయన ముక్కుని చూసింది.

ఒక సంగతి రాయాలి. మేం అందరం కలిసి తింటున్నాం. వేడిపెట్టె ముందు వంతులు లేవు, ఎవరి పూటకి వాళ్లు అన్నది లేదు. ఆయన షిఫ్టు దిగుతూ ఫ్లాస్కు నిండా నీళ్లు తెస్తారు. అత్తయ్య నాలుగైదు డబ్బాలు ఒకే గిన్నెలోకి బోర్లించి, నీళ్లు పోసి, శాలువా కప్పుతుంది. తర్వాత గరిటె పట్టుకుని కూర్చుంటుంది, ఒక్కరి కంచం కూడా ఒక వడ్డనతో లేవనివ్వదు. ఇందుజ క్లాసుకి ఆలస్యంగా పోతోంది. వాళ్ల బడి టీచర్లు మందలించాలి. ఆ టీచర్లలో ఒకావిడ ఆ పక్కనే కూర్చుని మారు వేయించుకుంటోంది.

వసారా అంతా వచ్చి అడిగిపోయారు, మూత ఎలా వదలాలి, ఏ మూల, ఎంత అని. నాకే తెలియదని చెప్పాను. ఎవరూ నమ్మలేదు. మా పూటలకని వండిన వంకాయ మాత్రం తోలులా అయిందని హెచ్చరించాను, అదొక్కటే ఖాయంగా తెలిసింది.

ఇంత మంచి జరగడంలో నా ప్రమేయం ఎంత, పొరపాటు ఎంత అని రోజూ ఆలోచిస్తాను. వచ్చే వెలుగు పక్షంలో మళ్లీ ఒక మూలే వదలాలా, రెండు వదిలితే ఇంకా బాగుంటుందా, లేక ఈసారి గోడ అంత వెచ్చగా ఉండక సగం సగంగా ఎండి అంతా పాడవుతుందా? కొన్నిటికి ఒక మూల, కొన్నిటికి రెండు వదిలి చూస్తానని అత్తయ్యతో అన్నాను.

"చూడు," అంది ఆవిడ. "కంచం ఇటు జరుపు ముందు."

ఇంక చాలు అత్తయ్యా, కడుపు నిండిందన్నాను. గరిటె అప్పటికే కంచానికి తగిలింది.